బ్యారెల్ ధరకు ముడిపడిన కొలువులు

1981 డిసెంబరు చివర్లో అమెరికాలో చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గులు ఒకేసారి 4,530 నడిచాయి. ఆ తర్వాత ఇంతవరకూ ఆ సంఖ్య మళ్లీ రాలేదు. 1973 నాటి అరబ్ దేశాల ఆంక్షలు, 1979 నాటి ఇరాన్ విప్లవం కలిసి మూడు డాలర్ల బ్యారెల్‌ను నలభై డాలర్ల దాకా తీసుకెళ్లాయి. చదువుకునే పిల్లలు కూడా అటే పరుగెత్తారు. 1983లో అమెరికా కాలేజీల్లో పెట్రోలియం ఇంజనీరింగ్ విద్యార్థులు 11 వేల దాకా ఉన్నారు.

ధర నిలబెట్టడం కోసం సౌదీ అరేబియా అన్నాళ్లూ తన ఉత్పత్తి తగ్గించుకుంటూ వచ్చింది. 1985లో విసిగిపోయి ఆ పని మానేసింది. 1986 వేసవికల్లా బ్యారెల్ పది డాలర్ల దరిదాపులకు పడిపోయింది. 1982 నుంచి 1987 లోపు హ్యూస్టన్ ప్రాంతంలో రెండు లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. అప్పు తీర్చలేక ఇంటి తాళాలు బ్యాంకుకు ఇచ్చేసి ఊరు విడిచినవాళ్లు ఎందరో! ధర కోలుకున్నాక రిగ్గులు మళ్లీ తిరిగాయి గానీ, వేరే పని వెతుక్కున్న ఆ మనుషుల్లో చాలామంది వెనక్కి రాలేదు. తొంభైలలో పెట్రోలియం విద్యార్థులు 1,500 లోపే మిగిలారు.

1998లో ధర మళ్లీ పది డాలర్లకు దిగింది. ఈసారి చమురు కంపెనీల విలీనాల కాలం: బీపీలో అమోకో, ఎక్సాన్‌లో మోబిల్, ఆ తర్వాత షెవ్రాన్‌లో టెక్సకో కలిసిపోయాయి. 1999లో ఎక్సాన్, మోబిల్ ఒక్కటైన కొద్ది రోజులకే 16 వేల ఉద్యోగాలకు కోత ప్రకటించారు.

ఇలా పదిహేనేళ్లు కొత్తవాళ్లను సరిగా తీసుకోకపోవడంతో, 2000 తర్వాత చూసుకుంటే రంగంలో యాభై దాటినవాళ్లు ఉన్నారు, పాతికేళ్లవాళ్లు ఉన్నారు. నడిమి వయసువాళ్లే కరువు. పాతతరం రిటైరయ్యే ఆ ఘట్టానికి ‘గ్రేట్ క్రూ చేంజ్’ అని పేరు పెట్టుకుని కంపెనీలు సెమినార్లలో ఆందోళన పడ్డాయి. ఆ కొరత వాటి చేజేతులా వచ్చిందే.

అనుభవం అంటే ఏమిటో రిగ్గు మీద చూడాలి. బావిని మూసే ముందు నెగటివ్ ప్రెషర్ టెస్ట్ అని ఒకటి చేస్తారు. లోపలి బరువైన డ్రిల్లింగ్ మడ్‌లో కొంత తీసేసి సముద్రపు నీరు నింపుతారు. ఒత్తిడి సున్నాకు దించి, మళ్లీ పెరుగుతుందేమో కనిపెడతారు. పెరిగితే కింద సిమెంటు పట్టలేదన్నమాట. 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గులో డ్రిల్ పైపు గేజి 1,400 పీఎస్ఐ చూపించింది, పక్క గొట్టం ఏమీ చూపించలేదు. అక్కడున్నవాళ్లు ఆ ఒత్తిడికి ఏదో కారణం చెప్పుకుని పరీక్ష నెగ్గిందన్నారు. ఆ రాత్రి పేలుడులో 11 మంది చనిపోయారు. ఆ ప్రమాదాన్ని లేఆఫ్‌ల ఖాతాలో వేయడం న్యాయం కాదు, దాని కారణాలు అనేకం. కానీ ఆ పరీక్ష ఫలితాన్ని ఎలా చదవాలో చెప్పే నిబంధన అప్పటికి లేదని విచారణ కమిషనే తేల్చింది. నిబంధన లేనిచోట మనిషి అనుభవమే దిక్కు. దాన్ని పక్కన నిలబడి నేర్చుకోవాలి, నేర్పేవాడు ముందే ఇంటికి వెళ్లిపోతే అదీ లేదు.

అమెరికాలో షేల్ చమురు జోరు 2014 దాకా సాగింది. ఆ నవంబరులో వియన్నాలో చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ ఉత్పత్తి తగ్గించేది లేదంది. 2016 జనవరిలో బ్యారెల్ ముప్పై లోపుకు వచ్చింది. అప్పటికి చమురు సేవల కంపెనీ ష్లంబర్జే ఒక్కదానిలోనే 34 వేల ఉద్యోగాలు పోయాయి. మనవైపు కేజీ బేసిన్ డీ6లో 2009లో గ్యాస్ మొదలయ్యాక పెట్రోలియం బ్రాంచి మీద ఆశలు పెరిగాయి. రెండేళ్లు తిరగకుండానే ఆ గ్యాస్ తగ్గుముఖం పట్టింది. విశాఖలో పెట్రోలియం సంస్థ తొలి బ్యాచ్ చేరిన సంవత్సరం కూడా 2016 కావడం ఆ పిల్లల దురదృష్టం. హ్యూస్టన్‌లో హెచ్1బీ వీసా మీదున్న మనవాళ్లకైతే ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కోవడానికి నిర్దిష్టమైన గడువంటూ అప్పటికి లేదు, 60 రోజుల గడువు 2017లోనే వచ్చింది.

2020 గురించి నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే 37 డాలర్లు కిందికి పోయింది. ఎక్సాన్‌మోబిల్ ఆ ఏడాది 22 వందల కోట్ల డాలర్లకు పైగా నష్టపోయి, కాంట్రాక్టు వారితో కలిపి 14 వేల మందిని తగ్గిస్తానంది. డివిడెండ్ మాత్రం తగ్గించలేదు. రెండేళ్లకు, 2022లో, అదే కంపెనీ లాభం 5,500 కోట్ల డాలర్లు దాటింది. ఆ రెండేళ్లు ఓపిక పట్టవలసిన వంతు వాటాదారులకు ఎందుకు రాలేదు?

2025 ఫిబ్రవరిలో షెవ్రాన్ తన ఉద్యోగుల్లో 15 నుంచి 20 శాతాన్ని 2026 ముగిసేలోగా తగ్గిస్తానని ప్రకటించింది. అంతకు ముందటి ఏడాదే బెంగళూరులో వంద కోట్ల డాలర్లతో ఇంజనీరింగ్ కేంద్రం పెడుతున్నట్టు చెప్పింది. అక్కడ చేరే మన పిల్లలకు బావుల డేటా తెర మీద దొరుకుతుంది. దాన్ని చదవడం నేర్పేందుకు పాతవాళ్లను ఎన్నాళ్లు ఉంచుకుంటారో చేరేముందే అడగాలి.