ప్రమాద పరిహార కేసు: వకాలత్‌నామాపై సంతకానికి ముందు న్యాయవాదిని ఏమి అడగాలి?

రోడ్డు ప్రమాద బాధితులకు పరిహారం ఇప్పించే మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. అయితే ఆ పరిహారం ఎంత వస్తుంది, ఎప్పటికి వస్తుంది, అందులో బాధితుని చేతికి ఎంత మిగులుతుంది అన్నవి కేసు నడిపే న్యాయవాదిపై చాలావరకు ఆధారపడి ఉంటాయి. సొంత ఊరికి దూరంగా, స్థానిక భాష రాని నగరంలో ప్రమాదం జరిగితే న్యాయవాది ఎంపిక మరింత కష్టమవుతుంది. ఉపాధికో, చదువుకో, చికిత్సకో కోల్‌కతా వెళ్లే తెలుగువారికీ, ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ సమస్య ఎదురుకావచ్చు. న్యాయవాదితో జరిపే తొలి సంప్రదింపులో ఏమి తెలుసుకోవాలో, చట్టం బాధితునికి ఏ రక్షణలు కల్పిస్తున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది.

కేసు ఎక్కడ వేయవచ్చు?

తొలి సంప్రదింపులో మొదట తేలవలసిన విషయం ఇదే. ప్రమాదం జరిగిన చోటనే కేసు వేయాలన్న నిబంధన లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్ ప్రకారం ప్రమాద స్థలం, బాధితుడు నివసించే లేదా వ్యాపారం చేసే చోటు, ప్రతివాది నివసించే చోటు, వీటిలో దేని పరిధిలోని మోటారు ప్రమాద క్లెయిముల ట్రైబ్యునల్‌నైనా ఆశ్రయించవచ్చు. కోల్‌కతాలో గాయపడిన కాకినాడ వాసి స్వస్థలంలోనే పిటిషన్ దాఖలు చేసుకోవచ్చు. కోల్‌కతాలోనే నివసిస్తున్నవారికి సిటీ సివిల్ కోర్టులోని ట్రైబ్యునల్ అందుబాటులో ఉంది.

ఈ విషయంలో ఒక ముఖ్యమైన తీర్పు పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులోనే వెలువడింది. హుగ్లీ జిల్లాలో జరిగిన ప్రమాదంపై బాధిత కుటుంబం కోల్‌కతాలో కేసు వేసింది. ట్రైబ్యునల్ పరిహారం మంజూరు చేయగా, కోల్‌కతా ట్రైబ్యునల్‌కు ఆ కేసుపై పరిధి లేదంటూ కలకత్తా హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. బీమా సంస్థకు కోల్‌కతాలో కార్యాలయం ఉన్నందున అక్కడ పిటిషన్ వేయడంలో తప్పులేదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసి, కుటుంబానికి పరిహారాన్ని పునరుద్ధరించింది. కనుక ఏ ఊరి ట్రైబ్యునల్ మీకు అనుకూలమో, ఎందుకు అనుకూలమో వివరించగలరా అన్నది న్యాయవాదిని అడగవలసిన తొలి ప్రశ్న. వాయిదాలకు హాజరుకావడం, సాక్షులను తీసుకురావడం, పత్రాల అనువాదం వంటి ఖర్చులన్నీ ఈ నిర్ణయంతో ముడిపడి ఉంటాయి.

గడువు ఎంత?

2019 సవరణతో వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలి. ఈ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు దాఖలయ్యాయి. అయినా ఆలస్యం చేయకపోవడమే క్షేమం. అదే తేదీ నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం పోలీసులు 48 గంటల్లో ప్రాథమిక ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదికను ట్రైబ్యునల్‌కు సమర్పించాలి. కోల్‌కతా నగరంలో ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలను లాల్‌బజార్ ట్రాఫిక్ విభాగంలోని ఫేటల్ స్క్వాడ్ దర్యాప్తు చేస్తుంది. ఈ నివేదికలు అందాయా లేదా అన్నది న్యాయవాది మొదటి వారాల్లోనే ఆరా తీయాలి. ఆ పని ఎవరు చేస్తారో ముందే అడగండి.

అన్ని ప్రమాదాలూ ఈ ట్రైబ్యునల్ పరిధిలోకి రావు. రైలు ప్రమాదమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌ను, వైద్య నిర్లక్ష్యమైతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. వాటి గడువులు వేరు. ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయానికి రూ.50 వేలు ఇచ్చే ప్రత్యేక పథకం ఉంది. దానికి విచారణ అధికారికి దరఖాస్తు చేసుకోవాలి.

వెంట తీసుకెళ్లవలసిన పత్రాలు

పత్రాలు లేకుండా జరిగే సంప్రదింపు ఊహాగానంగానే మిగులుతుంది. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, రవాణా ఖర్చుల రసీదులు, ఢీకొన్న వాహనం నంబరు, తెలిస్తే దాని బీమా వివరాలు, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసు పుస్తకం సిద్ధం చేసుకోవాలి. ఆదాయ రుజువు కీలకం. జీతపు చీటీలు లేని కూలీలు, చిన్న వ్యాపారులు బ్యాంకు లావాదేవీలు, యజమాని ఇచ్చిన ధ్రువపత్రం వంటివి చూపవచ్చు. న్యాయవాదికి నకళ్లే ఇచ్చి, అసలు పత్రాలు మీ దగ్గరే ఉంచుకోండి. అసలు ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోండి.

దాపరికం వద్దు. హెల్మెట్ పెట్టుకోకపోయినా, లైసెన్సు గడువు ముగిసినా, పాత గాయమేదైనా ఉన్నా తొలి రోజే చెప్పాలి. కక్షిదారు చెప్పిన విషయాలను న్యాయవాది బయటపెట్టకుండా 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం రక్షణ కల్పిస్తోంది. బీమా సంస్థ తరఫు న్యాయవాది ప్రశ్నించినప్పుడు అవి బయటపడితే మాత్రం కేసుకే నష్టం.

తొలి భేటీలో అడగవలసినవి

ఇంతకుముందు ఎన్ని ప్రమాద పరిహార కేసులు నడిపారు? అందులో ట్రైబ్యునల్ తీర్పు దాకా వెళ్లినవెన్ని, రాజీతో ముగిసినవెన్ని? బీమా సంస్థల తరఫున కూడా వాదిస్తారా? నా కేసులోని బీమా సంస్థతో గానీ, వాహన యజమానితో గానీ సంబంధం ఉందా? వాయిదాలకు మీరే హాజరవుతారా, జూనియర్‌ను పంపుతారా? నాకు హిందీ గానీ బెంగాలీ గానీ అంతగా రాకపోతే కేసు వివరాలు ఏ భాషలో చెబుతారు?

ప్రతివాదులతో తనకు ఏ సంబంధం ఉన్నా న్యాయవాది మొదట్లోనే పూర్తిగా వెల్లడించాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు నిర్దేశిస్తున్నాయి. కనుక ఈ ప్రశ్న అడగడం అమర్యాద కాదు. న్యాయవాది నమోదు సంఖ్యను అడిగి, పశ్చిమ బెంగాల్ బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో న్యాయవాది పేరుతో వెతికితే ఆయన నడుపుతున్న కేసుల వివరాలు కనిపిస్తాయి.

పరిహారం లెక్క వివరించగలరా?

మంచి న్యాయవాది మొదటి రోజే కచ్చితమైన మొత్తం చెప్పరు, లెక్క ఎలా కడతారో చెబుతారు. ఉదాహరణకు 32 ఏళ్ల వడ్రంగి నెలకు రూ.15 వేలు సంపాదిస్తున్నారనుకుందాం. చేతి గాయంతో ఆయన సంపాదనా సామర్థ్యం 30 శాతం తగ్గిందని తేలింది. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో నిర్ణయించిన పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం 16. ఆ లెక్కన భవిష్యత్ ఆదాయ నష్టం రూ.8,64,000. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధి పొందేవారికి భవిష్యత్ ఆదాయ వృద్ధి కింద 40 శాతం కలపాలి. అప్పుడు మొత్తం రూ.12,09,600 అవుతుంది. ఒక్క అంశాన్ని అడగకపోతే కలిగే తేడా రూ.3,45,600. చికిత్స ఖర్చులు, నొప్పి, బాధలకు ఇచ్చే పరిహారం దీనికి అదనం.

వైద్యుడు ధ్రువపత్రంలో రాసే వైకల్య శాతం, సంపాదనలో కలిగే నష్ట శాతం ఒకటి కావు. వేలు కోల్పోయిన గుమాస్తాకూ, వడ్రంగికీ నష్టం ఒకేలా ఉండదు. ఈ తేడాను ట్రైబ్యునల్ ముందు ఎలా నిరూపిస్తారని అడగండి. తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు పొందే వీలు 164వ సెక్షన్ కింద ఉంది. కానీ ఆ మొత్తాన్ని స్వీకరిస్తే 166వ సెక్షన్ కింద వేసిన పిటిషన్ ముగిసిపోతుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీపైనా అప్పీలు ఉండదు. కనుక రాజీ ప్రతిపాదన వస్తే ఈ లెక్కతో పోల్చి చూడాలి.

ఫీజు: వాటా ఒప్పందం చెల్లదు

అమెరికాలో గెలిస్తేనే ఫీజు, అదీ పరిహారంలో వాటాగా తీసుకునే పద్ధతి మామూలే. భారత్‌లో అది నిషిద్ధం. కేసు ఫలితంపై ఆధారపడిన ఫీజు గానీ, వచ్చిన సొమ్ములో వాటా గానీ న్యాయవాది కోరరాదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. ఇలాంటి ఒప్పందం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని సుప్రీంకోర్టు 1954లోనే పేర్కొంది.

తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2017 డిసెంబరు 5న ఈ సూత్రం మళ్లీ రూఢి అయింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన మహిళ పరిహారం కోసం పోరాడి గెలిచారు. అప్పటికే చెల్లించిన ఫీజుకు తోడు 2014లో తనతో మరో రూ.3 లక్షల చెక్కుపై సంతకం చేయించుకున్నారని ఆమె తెలిపారు. చెక్కు చెల్లకపోవడంతో న్యాయవాది ఆమెపైనే క్రిమినల్ కేసు పెట్టారు. పరిహారంలో శాతంగా కోరిన ఫీజు చట్టవిరుద్ధమంటూ సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది.

అందువల్ల మొత్తం ఫీజు ఎంత, ఏ దశలో ఎంత చెల్లించాలి, కోర్టు ఖర్చులు, గుమాస్తా ఖర్చులు అందులో కలిసి ఉన్నాయా, హైకోర్టుకు అప్పీలు వెళితే అదనమెంత అన్నవి కాగితంపై రాయించుకోండి. చెల్లించిన ప్రతిసారీ రసీదు అడగండి. పరిహారాన్ని నేరుగా బాధితుల బ్యాంకు ఖాతాలకే జమచేయాలని సుప్రీంకోర్టు 2025 మార్చిలో నిర్దేశించింది. పిటిషన్‌లో మీ ఖాతా వివరాలే ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోండి.

ఎక్కడ ఆగాలి?

ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి కేసు తెప్పిస్తామనే దళారులను నమ్మవద్దు. న్యాయవాదులు దళారుల ద్వారా గానీ, ప్రకటనల ద్వారా గానీ కేసులు సంపాదించుకోవడం నియమ విరుద్ధం. ఫలానా మొత్తం ఖాయమని హామీ ఇచ్చినా, ఖాళీ చెక్కుపై గానీ ఖాళీ స్టాంపు పత్రంపై గానీ సంతకం అడిగినా, చదవలేని భాషలోని కాగితంపై వెంటనే సంతకం చేయమన్నా అక్కడే ఆగిపోవాలి. మరొకరి సలహా తీసుకునే హక్కు మీకుంది. ప్రకటిత గడువు దగ్గరపడకపోతే ఒకరిద్దరిని కలిసి పోల్చుకోవడమే మేలు.

ఫీజు ఇచ్చే స్తోమత లేకపోయినా దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవారు ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. జాతీయ సహాయ సంఖ్య 15100.

ఎంపిక పొరపాటైందని తర్వాత తెలిసినా న్యాయవాదిని మార్చుకోవచ్చు. ఫీజు బకాయి ఉందన్న కారణంతో కేసు పత్రాలను ఆపుకొనే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పునిచ్చింది. దుష్ప్రవర్తనపై 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు తొలి రోజు రాయించుకున్న ఫీజు కాగితం, దాచుకున్న రసీదులే బాధితునికి ఆధారాలవుతాయి.