మూస్ వెంట్రుకతో పూలు కుట్టిన ఊరు

కెనడాలో క్యూబెక్ నగరాన్ని ఆనుకుని వెండాకే అనే ఊరుంది. హ్యూరన్-వెండాట్ ఆదివాసుల ఊరది. 19వ శతాబ్దంలో అక్కడి ఆడవాళ్ళు నల్లరంగు వేసిన తోలు మీద కుట్టిన పూలూ తీగలూ చూస్తే పట్టుదారం పనే అనిపిస్తుంది. నిజానికి ఆ కుట్టంతా మూస్ వెంట్రుకతో వేసింది.

దుప్పి జాతుల్లోకెల్లా పెద్దది మూస్. దాని జూలు నుంచి పొడవాటి తెల్లని వెంట్రుకలు ఏరి, కడిగి, రంగులు వేస్తారు. వాటిని తడిపి మెత్తబరిచి, కొన్నిటిని కలిపి తోలు మీద పరిచి, పైనుంచి సన్నని దారంతో బిగించి కుడతారు. భూర్జ చెట్టు బెరడు మీదైతే ముందుగా కన్నాలు పొడిచి వెంట్రుకనే గుచ్చి లాగాలి. ఒకే రేకులో ముదురు రంగు లేతగా మారుతూ పోతుంది. ఆ ఓపికకు దండం పెట్టాలి.

ఈ విద్యను ఉర్సులిన్ క్రైస్తవ సన్యాసినులు నేర్పారని చెబుతుంటారు. అది సగం కథే. 1639లో ఫ్రాన్స్ నుంచి క్యూబెక్ వచ్చిన ఆ సన్యాసినులు ఆదివాసీ బాలికలకు సూదిపని నేర్పిన మాట నిజం. పూల నమూనాల్లో ఫ్రెంచి పోకడా కనిపిస్తుంది. కానీ ముళ్ళపంది ముళ్ళతో, మూస్ వెంట్రుకతో అలంకరణ ఈ నేల మీది స్త్రీలకు ముందే తెలుసు. బరువులు మోసే నేత పట్టీల మీద ఆ పని ఉండేది. పట్టు దొరకడం కష్టమైనచోట సన్యాసినులే ఈ వెంట్రుకను చేతబట్టారు. ఎవరు ఎవరికి నేర్పారంటే రెండు వైపులా అనే నేనంటాను.

యుద్ధాలూ మహమ్మారులూ 1649-50లో వెండాట్‌లను సొంత గడ్డ నుంచి తరిమేశాయి. క్యూబెక్ చేరినవారు 1697లో ఇప్పటి చోట స్థిరపడ్డారు. వేటభూములు తరిగిపోయిన కాలంలో మార్గరీట్ విన్సెంట్ లావినోంకియే (1783–1865) వంటి స్త్రీలు ఈ కుట్టుపనికి కొత్త ఊపిరి పోశారు. బ్రిటిష్ సైనికాధికారులూ యాత్రికులూ మొకాసిన్ చెప్పులూ పెట్టెలూ కొనుక్కెళ్ళేవారు. ఆ డబ్బు ఇళ్ళు నిలబెట్టింది.

కుట్టుపనితోపాటు వెండాట్‌ల తలపాగా కూడా చెప్పుకోదగ్గది. వేడుకల్లో పెద్దలు ధరించే ఆ తలపాగా సినిమాల్లో చూసే, వీపు మీదికి జారే ఈకల కిరీటం లాంటిది కాదు. తల చుట్టూ పట్టీ, దాని మీద నిలువుగా ఈకలు. దాన్ని బొమ్మల్లోకి ఎక్కించిన వెండాట్ కథ ఒకటుంది. 1838లో చిత్రకారుడు ఆంత్వాన్ ప్లామోండన్ ఒక వెండాట్ యువకుణ్ణి చిత్రించి ‘చివరి హ్యూరన్’ అని పేరు పెట్టాడు. అప్పటి బ్రిటిష్ గవర్నర్ జనరల్ లార్డ్ డర్హమ్ ఆ చిత్రాన్ని కొన్నాడు. ఆ యువకుడు జకారీ విన్సెంట్ తెలారియోలిన్. తర్వాత తానే కుంచె పట్టి, ఈకల తలపాగాతో తన బొమ్మలు తానే గీసుకున్నాడు. వాటిలో ఒకదానిలో కొడుకు సిప్రియన్‌నూ పక్కన నిలబెట్టుకున్నాడు.