వైకల్యం, జెండర్, లైంగికత: భారతదేశంలో పరిశోధన

వికలాంగుల ప్రేమ, పెళ్లి, సంతానం, వారిపై జరిగే లైంగిక హింస, వీటన్నిటిలో ఆడవారికీ మగవారికీ ట్రాన్స్‌జెండర్లకూ ఎదురయ్యే వేర్వేరు పరిస్థితులు ఈ పరిశోధన రంగానికి వస్తువు. మన దేశంలో ఇది 1990ల నుంచి రూపుదిద్దుకుంది. సమాజశాస్త్రం, న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, స్త్రీల అధ్యయనాలు చదివినవారు ఇందులో కలిసి పనిచేస్తున్నారు. అందరినీ కలిపే ప్రశ్న ఒకటే. వికలాంగురాలి దేహం గురించి నిర్ణయం ఎవరిది? తల్లిదండ్రులదా, డాక్టరుదా, సంక్షేమ గృహం వార్డెనుదా, కోర్టుదా, ఆమెదా?

నేపథ్యం

1976లో బ్రిటన్‌లో వికలాంగుల సంఘమొకటి కొత్త వాదన తెచ్చింది. మనిషిని నిస్సహాయుణ్ణి చేసేది అతని కాలో కన్నో కాదు, మెట్లు తప్ప మరో దారి లేని భవనాలూ పని ఇవ్వని యజమానులూ అన్నది దాని సారం. 1983లో మైక్ ఒలివర్ దీనికి ‘సామాజిక నమూనా’ అని పేరు పెట్టారు. వాదన బలమైనదే. కానీ బడి, బస్సు, ఉద్యోగం దగ్గరే ఆగిపోయింది, ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. జెన్నీ మోరిస్ వంటి వికలాంగ స్త్రీవాదులు ఆ లోటును ఎత్తిచూపారు. అమెరికాలో మిషెల్ ఫైన్, ఏడ్రియన్ ఆష్ 1988లో వికలాంగ స్త్రీలపై వ్యాస సంకలనం తెచ్చారు. టామ్ షేక్‌స్పియర్ మరో ఇద్దరితో కలిసి 1996లో ‘ది సెక్సువల్ పాలిటిక్స్ ఆఫ్ డిజెబిలిటీ’ ప్రచురించారు. అందులో వికలాంగులే తమ ప్రేమల గురించి, కోరికల గురించి చెప్పుకున్నారు. స్వలింగ ప్రేమికులను, వికలాంగులను ‘మామూలు మనుషుల’ లెక్కలోంచి తీసేసే ఆలోచన ఒక వేరు నుంచే పుట్టిందని రాబర్ట్ మెక్‌రూయర్ 2006లో ‘క్రిప్ థియరీ’ పుస్తకంలో వాదించారు.

శిరూరు ఘటన

మన దేశంలో ఈ చర్చకు ఊపు తెచ్చింది పుస్తకాలు కాదు, 1994 ఫిబ్రవరిలో మహారాష్ట్రలో జరిగిన ఒక దారుణం. శిరూరులోని ప్రభుత్వ వసతిగృహంలో ఉంటున్న, బుద్ధిమాంద్యం ఉన్న ఆడపిల్లలను పుణే ఆసుపత్రికి తీసుకెళ్లి గర్భసంచులు తొలగించారు. వాటిలో జబ్బేమీ లేదు. నెలసరి సమయంలో ఆ పిల్లలు శుభ్రత పాటించలేరని, చూసుకోవడానికి సిబ్బంది చాలరని కారణం చెప్పారు. మహిళా సంఘాలు, వికలాంగుల సంఘాలు రోడ్డెక్కాకే మిగిలిన శస్త్రచికిత్సలు ఆగాయి.

చాలామంది చదువుకున్నవారు అప్పట్లో ఆ నిర్ణయాన్ని సమర్థించారు. అది దయతో చేసిన పనేనన్నారు. సంఘాల జవాబు సూటిగా ఉంది. సిబ్బంది లేకపోతే సిబ్బందిని పెంచాలి, పిల్లల ఒంట్లోంచి అవయవాలు తీసేయడం కాదు. పైగా గర్భసంచి తీసేస్తే అత్యాచారం ఆగదు, అత్యాచారం జరిగిందని తెలిపే గర్భం మాత్రమే రాకుండా పోతుంది. ఈ రంగంలో ఆ తరువాత వచ్చిన రచనలు చాలావరకు శిరూరును ప్రస్తావిస్తూనే సాగాయి.

పరిశోధకులు, రచనలు

ఢిల్లీలో మనస్తత్వశాస్త్రం బోధించిన అనితా ఘయ్ ఈ రంగానికి పునాది వేసినవారిలో ముఖ్యులు. పోలియో వల్ల ఆమె చక్రాల కుర్చీ వాడేవారు. మహిళా ఉద్యమం వికలాంగ స్త్రీని పట్టించుకోలేదని, వికలాంగుల ఉద్యమం మగవారి చేతుల్లో ఉందని ఆమె రెండు వైపులా నిలదీశారు. 2002లో రాసిన వ్యాసంలో ఒక చిన్న గమనిక చాలా చెబుతుంది: ఉత్తరాది పంజాబీ ఇళ్లలో ఆడపిల్లలను వరసకు అన్నదమ్ములైన మగపిల్లలున్న గదిలో పడుకోనివ్వరు, వికలాంగ ఆడపిల్లకు మాత్రం ఆ కట్టడి లేదు. పైకి స్వేచ్ఛలా కనిపించే ఈ సడలింపు వెనుక, ఆమెను ఆడపిల్లగానే లెక్కించని చూపు ఉంది. ఆ చూపే ఆమెను ఇంట్లోనే ప్రమాదంలో పడేస్తుంది.

జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన నీలికా మెహ్రోత్రా హర్యానా పల్లెల్లో, నందినీ ఘోష్ పశ్చిమ బెంగాల్‌లో వికలాంగ స్త్రీల రోజువారీ బతుకును అధ్యయనం చేశారు. రేణు అద్లఖా 2013లో భారతీయ వైకల్య అధ్యయనాల సంకలనానికి సంపాదకత్వం వహించారు. అదే ఏడాది శ్వేతా ఘోష్ తీసిన ‘యాక్‌సెక్స్’ డాక్యుమెంటరీలో వికలాంగ యువతులు అందం గురించి, కోరిక గురించి మొహమాటం లేకుండా మాట్లాడతారు. దానికి జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రత్యేక ప్రస్తావన దక్కింది.

ఈ పరిశోధనకు పద్ధతిపరమైన చిక్కు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. బధిర యువతిని ప్రశ్న అడిగితే జవాబు తల్లి చెబుతుంది, సైగలను తర్జుమా చేసేది అన్నో వదినో అవుతారు. ఇంట్లో జరిగే హింసను ఆ ఇంటివాళ్ల ఎదుట ఎవరు చెబుతారు? బయటి దుబాసీని పెట్టుకోవడం, ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించడం, వికలాంగ స్త్రీలనే పరిశోధకులుగా తీసుకోవడం అందుకే అవసరం. 2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో అక్షరాస్యత పురుషుల్లో 62 శాతం, స్త్రీలలో 45 శాతం.

తెలుగు నేలతో సంబంధం

హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయన కేంద్రాన్ని నడిపిన ఆచార్య అమితా ధండా, వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చర్చల్లో పాల్గొన్నారు. 2011 నాటి హక్కుల చట్టం ముసాయిదాకు ఆ కేంద్రమే న్యాయసలహా ఇచ్చింది. హైదరాబాద్‌లోనే పనిచేసిన కల్పనా కన్నబిరాన్ వైకల్యాన్ని కులం, మతం, జెండర్లతో పాటు రాజ్యాంగపు వివక్ష నిషేధం కింద చదవాలని 2012 నాటి పుస్తకంలో వాదించారు. వికలాంగులను సకలాంగులు పెళ్లాడితే నగదు ప్రోత్సాహకం ఇచ్చే పథకం తెలుగు రాష్ట్రాల్లో చాలాకాలంగా ఉంది. దాని వల్ల జంటలకు ఏం మేలు జరిగిందో, డబ్బు కోసమే వచ్చిన సంబంధాల్లో ఆ అమ్మాయిల గతి ఏమైందో తెలుగు విశ్వవిద్యాలయాలు లోతుగా పరిశోధించదగ్గ విషయం.

చట్టం

2009లో చండీగఢ్ ప్రభుత్వ గృహంలో ఉన్న, స్వల్ప బుద్ధిమాంద్యం గల యువతి అత్యాచారం వల్ల గర్భవతి అయింది. బిడ్డను కంటానని ఆమె చెప్పినా గర్భం తొలగించాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. సంతానం విషయంలో స్త్రీ ఎంపిక రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని ‘సుచితా శ్రీవాస్తవ’ తీర్పులో చెప్పింది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 10వ సెక్షన్ సమ్మతి లేకుండా సంతానలేమికి దారితీసే చికిత్సను నిషేధించింది. సమ్మతి లేని గర్భస్రావానికి 92వ సెక్షన్ ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు శిక్ష విధిస్తుంది. అయితే ఆ సెక్షన్‌లోనే, వైకల్యం తీవ్రంగా ఉన్నప్పుడు డాక్టరు అభిప్రాయం, సంరక్షకుడి అంగీకారం ఉంటే చాలన్న మినహాయింపు ఉంది. రక్షణ అందరికన్నా ఎక్కువ అవసరమైన స్త్రీకే అది అందకుండా పోతోంది. ఈ మినహాయింపును పార్లమెంటు తొలగించాలి.