గది వెలుతురు లెక్క: తప్పు ఎటు జరిగింది?

గది కట్టకముందే అందులోని బల్లమీద ఎంత వెలుతురు పడుతుందో చెప్పగలమా? కంప్యూటర్లు రాకముందు దీనికి ల్యూమెన్ పద్ధతి ఉండేది. దీపాలిచ్చే మొత్తం ల్యూమెన్లను వినియోగ గుణకంతోనూ (వాటిలో బల్లమీదికి చేరే వాటా), నిర్వహణ గుణకంతోనూ (దుమ్మూ వయసూ మింగాక మిగిలే వాటా) హెచ్చవేసి, నేల వైశాల్యంతో భాగిస్తే లక్స్ వస్తుంది. అదీ సగటు లక్సే. మూలన కూర్చున్నవాడి గోడు అందులో వినబడదు.

1984లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉష్ణ ప్రసారశాస్త్రం నుంచి రేడియోసిటీ పద్ధతిని అరువు తెచ్చుకున్నారు. ఎర్రగోడ ఛాయ పక్కనున్న తెల్లగోడమీద పరుచుకోవడం కూడా అప్పుడు లెక్కకు అందింది. కానీ ఆ తొలి రూపం ఖాళీ పెట్టెకే సరిపోయేది. మధ్యలో అడ్డున్న వస్తువుల లెక్క మరుసటి ఏడాది హెమిక్యూబ్ అనే పద్ధతి వచ్చాక కుదిరింది. మెరిసే తలాలు మాత్రం దానికి లొంగలేదు.

లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ 1985లో మొదలుపెట్టిన రేడియన్స్ అనే ప్రోగ్రాము మరో దారి పట్టింది. కంటి నుంచి వెనక్కి కిరణాలను పంపి, అవి ఏ తలాన్ని తాకి ఎటు మళ్లుతాయో వెతుకుతుంది. గోడమీద పరోక్ష కాంతి మెల్లగా మారుతుంది కాబట్టి అక్కడక్కడా లెక్కకట్టి, నడుమ విలువలను పూరించుకుంటుంది. గణనభారం తగ్గడానికి ఈ కిటుకే ముఖ్యం.

మరి ఆ అంకెలు నమ్మదగ్గవేనా? 1990లలో పరిశోధకుడు జాన్ మర్దాల్‌యెవిచ్ బ్రిటన్‌లో ఆకాశపు వెలుగునూ, అదే సమయంలో గదిలో పడిన వెలుతురునూ కొలిచిన సమాచారంతో రేడియన్స్‌ను సరిచూశారు. చాలావరకు తేడా 10 శాతానికి అటూ ఇటుగానే ఉంది. పెద్ద తేడాలు ప్రధానంగా సూర్యుడో, సూర్యుడి చుట్టుపక్కల ఆకాశమో కొలత పరికరానికి నేరుగా కనబడిన వేళల్లో వచ్చాయి. అక్కడ సందేహించవలసింది కిరణాల లెక్కను కాదు, ఆకాశాన్ని వర్ణించిన తీరును. అయితే ఇది కిటికీ ఉన్న కార్యాలయ గదికి, బ్రిటన్ ఆకాశానికి సంబంధించిన సాక్ష్యం. మన ఎండలకు దీన్ని యథాతథంగా అన్వయించడానికి నేను వెనకాడతాను.

ఈలోగా 1994లో జర్మనీ నుంచి డయాలక్స్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితం, దీపాల తయారీదారులు తమ కాంతి వివరాల ఫైళ్లను అందించేవారు. లెక్క ప్రయోగశాల దాటి మామూలు ఎలక్ట్రికల్ కన్సల్టెంట్ బల్లమీదికి చేరింది. ఇలాంటి ప్రోగ్రాములను పరీక్షించడానికి అంతర్జాతీయ ప్రకాశ సంఘం 2006లో నమూనా లెక్కలు ప్రచురించింది.

ఆ నమూనా లెక్కలు ప్రోగ్రామును పరీక్షిస్తాయి, మనమిచ్చే అంకెలను కాదు. 30 చదరపు మీటర్ల గదిలో 3,000 ల్యూమెన్ల దీపాలు 10 ఉన్నాయనుకుందాం. వినియోగ గుణకం 0.5, నిర్వహణ గుణకం 0.8 వేస్తే 400 లక్స్ వస్తుంది. దుమ్ము ఎక్కువ, తుడిచేవాళ్లు తక్కువ అని 0.6 వేస్తే 300కు పడిపోతుంది. నివేదికలో రంగుల పటం మాత్రం రెండుసార్లూ అంతే నున్నగా అచ్చవుతుంది.