నార్స్‌మన్: చలితో ఒక పందెం

ఈత, సైకిలు, పరుగు ఒకే రోజున వరుసగా ముగించవలసిన పోటీ ట్రయథ్లాన్. పర్వతం మీద ముగిసే అటువంటి పందెం నార్స్‌మన్ 2003లో నార్వేలో కొద్దిమందితో మొదలైంది. తెల్లవారుజామున హార్డాంగర్ సముద్రపాయలో ఓడపై నుంచి దూకి 3.8 కిలోమీటర్లు ఈదాలి. పీఠభూమి మీదుగా 180 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. ఆపై 42 కిలోమీటర్లు పరుగెత్తి 1,850 మీటర్ల ఎత్తున గౌస్టటోపెన్ పర్వతాన్ని చేరాలి. నగదు బహుమతి లేదు. పైకి చేరినవారికి నల్ల చొక్కా, దిగువన ముగించినవారికి తెల్ల చొక్కా, అంతే! అన్నపానీయాలు చూసుకునే సహాయకుణ్ణి పోటీదారే వెంట తెచ్చుకోవాలి. ఆ తోడు లేనిదే చివరి కొండదారి ఎక్కనివ్వరు.

వైద్యునిగా నన్ను ఆలోచింపజేసినది 2015 నాటి నిర్ణయం. ఆ ఏడు నీరు సుమారు 10 డిగ్రీలకు చల్లబడగా, నిర్వాహకులు ఈత దూరాన్ని తగ్గించారు. చలికి పేరుపడ్డ పందెంలో ఇది తేలికైన నిర్ణయం కాదు. చన్నీరు గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా దేహపు వేడిని లాగివేస్తుంది. ఒడ్డు చేరినా గండం గడిచినట్లు కాదు. పైపొరల చలి లోపలికి పాకుతూ, శరీరాంతర్గత ఉష్ణోగ్రత మరికొంతసేపు పడిపోతూనే ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే పోటీదారు సైకిలెక్కి కొండగాలికి ఎదురేగుతాడు. అప్పుడు సహాయకుడు కనిపెట్టవలసినది గడియారాన్ని కాదు, అతని మాట తడబడుతున్నదా అన్న సంగతిని.