లోకం ముగియని మరునాడు

వేకో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక మగవాడి ముఖం, మండుతున్న ఒక భవనం. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, వేకో పట్టణానికి కొద్ది దూరంలో ఉన్న మౌంట్ కార్మెల్ అనే చోటును 1993లో ప్రభుత్వ బలగాలు 51 రోజులు ముట్టడించాయి. ఏప్రిల్ 19న చెలరేగిన మంటల్లో 76 మంది చనిపోయారు. వాళ్ళలో ఇరవై మందికి పైగా పిల్లలు. డేవిడ్ కోరెష్ అనే 33 ఏళ్ళ ప్రవక్త, అతని తుపాకులు, అతని 'భార్యలు' - పత్రికలు రాసిందీ టీవీలు చూపిందీ ఎక్కువగా వీటి గురించే.

కానీ ఆ సంఘం కోరెష్‌తో మొదలు కాలేదు. 1935లో మౌంట్ కార్మెల్ ఏర్పడింది మొదలు 1993 దాకా గడిచిన 58 ఏళ్ళలో పన్నెండేళ్ళకు పైగా దాన్ని నడిపింది ఇద్దరు స్త్రీలు. ఒకామె లోకాంతానికి తేదీ చెప్పింది, ఆ తేదీ దాటిపోయాక మేం చెప్పింది తప్పు అని ఒప్పుకుంది. ఇంకొకామె పరిశుద్ధాత్మ స్త్రీ అని చెప్పింది. వీళ్ళ పేర్లు మనకెందుకు తెలియవు? ఆడవాళ్ళు ఏలిన సంఘం చివరికి ఆడపిల్లల శరీరాలను ఒక మగవాడికి అప్పజెప్పేదిగా ఎలా మారింది? ఈ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటేనని నాకనిపిస్తుంది.

లోకం ముగుస్తుందన్న భయం మనకు కొత్తేం కాదు. 1979లో స్కైలాబ్ మీద పడుతుందని మా పెగడపల్లి వైపు కూడా జనం వణికిపోయారు. మా నాయినమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు భయం గురించి తక్కువ, మరునాటి గురించి ఎక్కువ చెప్పేది. "సచ్చేటోళ్ళకు కోళ్ళెందుకని అన్నీ కోసుకతిన్నం. తెల్లారి లేచి చూస్తె లోకం అట్లనే ఉన్నది, గూడే ఖాళీగ ఉన్నది" అనేది. భవిష్యవాణి ఎవరు చెప్పినా దాని మరునాడు పొయ్యి వెలిగించాల్సింది ఎవరు? మతాల చరిత్రను ఈ ప్రశ్న వైపు నుంచి చదివితే కొత్త విషయాలు కనబడతాయి.

డేవిడియన్ల కథ కూడా ఒక మరునాటితోనే మొదలవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో విలియం మిల్లర్ అనే రైతు, బాప్టిస్టు బోధకుడు, దానియేలు గ్రంథంలోని 2300 దినాలను ఏళ్ళుగా లెక్కగట్టి క్రీస్తు రెండవ రాకడ దగ్గరపడిందని ప్రకటించాడు. చివరికి అతని అనుచరులు 1844 అక్టోబర్ 22న ఆ రాకడ జరుగుతుందని నమ్మారు. వేలమంది ఎదురుచూశారు. కొందరు పంటలు కోయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఎవరూ రాలేదు. చరిత్రలో దాన్ని 'మహా నిరాశ' అంటారు. ఆ నిరాశలో చెల్లాచెదురైన వాళ్ళ మధ్య, అదే ఏడాది డిసెంబర్‌లో, పదిహేడేళ్ళ ఎలెన్ హార్మన్‌కు దర్శనం కలిగింది. పెళ్ళయ్యాక ఎలెన్ వైట్ అయిన ఆమె మాటల చుట్టూ అల్లుకున్నదే 1863లో ఏర్పడ్డ సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘం. నూజివీడు ఆసుపత్రి వల్ల తెలుగువాళ్ళకూ పరిచయమైన, శనివారం విశ్రాంతిదినంగా పాటించే సంఘం ఇదే. ఎలెన్ 1915లో చనిపోయేదాకా ఆమె రాతలకు ప్రవచనమన్న గౌరవం ఉంది. అయినా సంఘానికి ఆమె ఎప్పుడూ అధ్యక్షురాలు కాలేదు. ఒక స్త్రీ దర్శనాల మీద నిలబడ్డ ఈ సంఘమే, 2015లో జరిగిన ప్రపంచ మహాసభలో, స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం ఇచ్చే విషయాన్ని ప్రాంతీయ విభాగాలకు వదిలేయాలన్న ప్రతిపాదనను 1381-977 ఓట్లతో తోసిపుచ్చింది. మాట ఆమెది కావచ్చు, పదవి మాత్రం కాదు!

ఈ సంఘం నుంచే 1930లో బహిష్కరణకు గురైనవాడు విక్టర్ హౌటెఫ్. బల్గేరియా నుంచి వలస వచ్చినవాడు. సంఘం లోకంలో పడి చెడిపోయిందనీ, ప్రకటన గ్రంథం చెప్పే 1,44,000 మంది పరిశుద్ధులను పోగుచేయడమే తన పని అనీ 'కాపరి దండం' అనే పుస్తకంలో రాశాడు. దావీదు రాజ్యం పాలస్తీనాలో మళ్ళీ నిలబడుతుందని అతని నమ్మకం. అందుకే వాళ్ళు డేవిడియన్లు. 1935లో వేకో దగ్గర మౌంట్ కార్మెల్ కట్టాడు. 1937లో, యాభై దాటిన వయసులో, తన అనుచరుల ఇంటి పిల్ల ఫ్లోరెన్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెకు పదిహేడేళ్ళు.

1955 ఫిబ్రవరిలో హౌటెఫ్ చనిపోయాడు. దావీదు రాజ్యం వచ్చేదాకా అతను బతికే ఉంటాడనుకున్న వాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. ఫ్లోరెన్స్ నాయకత్వం తీసుకుంది. ప్రకటన గ్రంథంలోని 1260 దినాలను 1955 నవంబర్ నుంచి లెక్కగట్టి 1959 ఏప్రిల్ 22 అని తేదీ ప్రకటించింది. ఆ రోజుకు సుమారు 900 మంది ఇళ్ళూ ఉద్యోగాలూ వదిలి మౌంట్ కార్మెల్ చేరుకున్నారు. ఏమీ జరగలేదు. గుంపులు చీలిపోయాయి.

ఆ తర్వాత ఫ్లోరెన్స్ చేసిన పని అలాంటి సంఘాల చరిత్రలో అరుదైనది. తేదీ విఫలమైనప్పుడు ప్రవక్తలు మామూలుగా కొత్త తేదీ చెప్తారు, లేదా అది కంటికి కనబడకుండా నెరవేరిందంటారు, లేదా విశ్వాసుల భక్తి చాలలేదంటారు. ఫ్లోరెన్స్ మూడేళ్ళు ఆలోచించి, మా బోధల్లోనే తప్పు ఉందని ఒప్పుకుని, 1962 మార్చిలో సంఘాన్నే రద్దు చేసి వెళ్ళిపోయింది. దానికి నెల ముందే మన దేశంలో అష్టగ్రహ కూటమి ప్రళయం తెస్తుందని ఊరూరా యజ్ఞాలు జరిగాయి. ప్రళయం రాలేదు. యజ్ఞాల వల్లే ఆగిందని చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, మా లెక్క తప్పు అన్న పండితులు ఎక్కడో గాని కనబడరు. చరిత్రకారులు ఫ్లోరెన్స్‌ను విఫలమైన నాయకురాలిగా రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆ వంశావళిలో అధికారాన్ని తనంతట తాను వదులుకున్నది ఆమె ఒక్కతే. దాన్ని వైఫల్యం అనడానికి నాకు మనసు రాదు.

ఆమె ఖాళీ చేసిన చోటును బెంజమిన్ రోడెన్ పూరించాడు. జెకర్యా గ్రంథంలో మెస్సీయకు 'చిగురు' అనే పేరుంది. ఇంగ్లీషులో అది 'బ్రాంచ్'. పాత దండం చచ్చింది, చిగురు బతికుంది, ఇటు రండి అని పిలిచాడు. అలా వాళ్ళు బ్రాంచ్ డేవిడియన్లయ్యారు. అతని భార్య లోయిస్. 1977లో ఒక అర్ధరాత్రి దాటాక ప్రకటన గ్రంథం చదువుతుండగా కిటికీ అవతల వెండిలా మెరిసే దేవదూత ఆమెకు కనబడింది. ఆ రూపం స్త్రీది. పరిశుద్ధాత్మ తల్లి అని ఆమె బోధించడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది భర్త చనిపోతే సంఘం ఆమె చేతికొచ్చింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి.

1980లో లోయిస్ 'షెకైనా' అనే పత్రిక పెట్టింది. షెకైనా అంటే యూదుల సంప్రదాయంలో దేవుని సన్నిధి. హీబ్రూలో అది స్త్రీలింగం. ఆ పేరులో ఇంగ్లీషులో 'ఆమె' అనే అర్థమిచ్చే మొదటి మూడు అక్షరాలను ఆమె పెద్దవిగా అచ్చువేసేది. స్త్రీలకు గురుత్వం ఇవ్వాలని వివిధ సంఘాల్లో జరుగుతున్న చర్చలనూ, దేవుడిలోని స్త్రీరూపం గురించి పండితులు రాసినవాటినీ ఏరి అందులో వేసేది. విశ్వవిద్యాలయాల్లో స్త్రీవాద వేదాంతం రూపుదిద్దుకుంటున్న రోజులవి. టెక్సాస్ పల్లెలో, లోకాంతానికి ఎదురుచూసే చిన్న గుంపులో, ఒక ముసలామె దాన్ని తన తోవలో అందుకుంది.

ఆమె వాదన వట్టి దర్శనం మీదే నిలబడలేదు. ఆత్మ అనడానికి హీబ్రూలో వాడే 'రువహ్' ఎక్కువగా స్త్రీలింగమే. గ్రీకులోకి వచ్చేసరికి ఆ మాట నపుంసకమైంది, లాటిన్‌లో పురుషుడైంది. తొలి శతాబ్దాల సిరియాక్ క్రైస్తవులు పరిశుద్ధాత్మను తల్లిగా చెప్పుకున్న దాఖలాలున్నాయి. మరి తెలుగులో? మన వ్యాకరణం ఇక్కడ ఇంకో కథ చెప్తుంది. చిన్నయసూరి చెప్పిన మహత్తు, అమహత్తు విభజన ప్రకారం ఏకవచనంలో మగవాడిదొక వర్గం. ఆడది, ఆవు, రాయి కలిసి ఇంకో వర్గం. 'ఆత్మ వచ్చింది' అన్నప్పుడు వచ్చింది స్త్రీయో గాలియో క్రియాపదం చెప్పదు. పాత తెలుగు బైబిల్లోని గ్రాంథిక భాషలో ఇంకా వెసులుబాటు ఉంది: 'వచ్చెను' ఎవరికైనా సరిపోతుంది. కానీ యోహాను సువార్తకు వచ్చేసరికి పరిశుద్ధాత్మ 'ఆదరణకర్త' అయి 'ఆయన' అయిపోతుంది. 'కర్త్రి' అనే మాట భాషలో లేక కాదు. గౌరవం ఇవ్వాలంటే మగవాణ్ణి చేయాలన్నది అలవాటు. లోయిస్ పట్టుకున్నది సరిగ్గా ఈ అలవాటునే.

ఇక్కడిదాకా చదివితే ఆమెను మన పూర్వీకురాళ్ళ జాబితాలో చేర్చుకోవాలనిపిస్తుంది. తొందరపడకూడదు. 1981లో వెర్నన్ హొవెల్ అనే యువకుడు మౌంట్ కార్మెల్ వచ్చాడు. పద్నాలుగేళ్ళ తల్లికి పుట్టి, చదువు మధ్యలో ఆపేసి, బైబిల్‌ను కంఠతా పట్టి, గిటారు వాయించేవాడు. లోయిస్ అతన్ని తన తర్వాతి ప్రవక్తగా చూసింది, 1983లో బోధించే అనుమతి ఇచ్చింది. ఆమె ద్వారా తనకు బిడ్డ కలగాలన్నది దైవాజ్ఞ అని అతను చెప్పుకున్నట్టు ఆ సంఘాన్ని పరిశీలించినవాళ్ళు రాశారు. ఆమె కొడుకు జార్జ్ తనే వారసుడినన్నాడు. ఇద్దరి మధ్యా నలిగి, అనుచరులను పోగొట్టుకుని, లోయిస్ 1986లో చనిపోయింది. మరుసటి ఏడాది జార్జ్ ఎప్పుడో పూడ్చిన ఒక వృద్ధురాలి శవపేటికను తవ్వితీసి, ఎవరు బతికిస్తే వాళ్ళే ప్రవక్త అని సవాలు విసిరాడు. అది కాల్పులదాకా వెళ్ళింది. బతికుండగా స్త్రీ మాట మీద పోటీ, చచ్చాక ఇంకో స్త్రీ శవం మీద పోటీ!

1988లో పేరుకుపోయిన పన్నులు కట్టి హొవెల్ ఆ స్థలాన్ని చేజిక్కించుకున్నాడు. 1990లో డేవిడ్ కోరెష్ అని పేరు మార్చుకున్నాడు. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకు కోరెషు పరిచయమే, యూదులను బబులోను చెర నుంచి విడిపించిన పారశీక రాజు. ఈ కోరెష్ మాత్రం 1989లోనే 'కొత్త వెలుగు' అనే బోధ ప్రకటించాడు. దాని ప్రకారం సంఘంలోని స్త్రీలందరూ, పెళ్ళయినవాళ్ళతో సహా, తనకే చెందుతారు. మిగతా మగవాళ్ళు బ్రహ్మచర్యం పాటించాలి. తనకు పుట్టే పిల్లలే ప్రకటన గ్రంథంలోని 24 మంది పెద్దలు. ఏడు ముద్రలు విప్పగల గొర్రెపిల్ల తనే. అతను చట్టబద్ధంగా పెళ్ళాడిన అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్ళు. తర్వాత తెచ్చుకున్నవాళ్ళలో అంతకంటే చిన్నవాళ్ళూ ఉన్నారు.

దేవుడిలో తల్లిని చూసిన సంఘం పదేళ్ళు తిరక్కుండానే ఇక్కడికెలా వచ్చింది? లోయిస్ దేవుడి లింగాన్ని మార్చింది గానీ ప్రవక్త అధికారాన్ని ముట్టుకోలేదు. దర్శనం చూసినవాళ్ళ మాటే చట్టం అన్న నియమం ఆమెకు కుర్చీ ఇచ్చింది, అదే నియమం ఆ కుర్చీని అతనికి ఇచ్చింది. ఇది పరాయి కథలా అనిపిస్తే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మరునాడు జరిగే రంగం చూడండి. పచ్చికుండ మీద నిలబడ్డ స్త్రీ భవిష్యవాణి చెప్తుంటే పూజారులూ అధికారులూ చేతులు కట్టుకుని వింటారు. వేములవాడలో, కొమురవెల్లిలో శివసత్తులు పూనకంలో ఉన్నంతసేపు ఊరి పెద్దలు కూడా ఎదురు చెప్పరు. పూనకం దిగాక గుడి కమిటీలో ఆమెకు చోటేది? ఇక భర్త పోయాకే భార్య చేతికొచ్చే పదవి మన రాజకీయాల్లో ఎంత మామూలో వేరే చెప్పక్కర్లేదు. దైవం పేరు మీదో భర్త పేరు మీదో తప్ప స్త్రీకి తన పేరు మీద అధికారం లేనిచోట, ఆ అధికారం ఎప్పుడూ అప్పుగా తెచ్చుకున్నదే.

1993 ఫిబ్రవరి 28న ప్రభుత్వ ఏజెంట్లు దాడికి వచ్చారు. నలుగురు ఏజెంట్లు, ఆరుగురు డేవిడియన్లు చనిపోయారు. ముట్టడి సాగినన్నాళ్ళూ 21 మంది పిల్లలు బయటికొచ్చారు. వాళ్ళలో కొందరి తల్లులు పిల్లల్ని పంపి తాము లోపలే ఉండిపోయారు. ఆ స్త్రీలను మెదడు కడిగిన బొమ్మలని కొట్టిపారేయడం తేలిక. వాళ్ళలో ఇంగ్లండ్ నుంచి, ఆస్ట్రేలియా నుంచి, హవాయి నుంచి వచ్చినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు ఉన్నారు. లేఖనాల్లో తమకు ఒక పాత్ర దొరికిందని నమ్మారు. బాష్పవాయువు ప్రయోగానికి ఆమోదం తెలిపింది అమెరికా తొలి మహిళా అటార్నీ జనరల్ జానెట్ రీనో. లోపలి పిల్లల కోసమేనన్నది ఆమె చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ పిల్లలే కాలిపోయారు. కుర్చీలో స్త్రీ ఉన్నంత మాత్రాన ఆ కుర్చీ స్వభావం మారదని అటు మౌంట్ కార్మెల్, ఇటు వాషింగ్టన్ ఒకేసారి రుజువు చేశాయి.

ముట్టడి చివరి రోజుల్లో కోరెష్ ఏడు ముద్రలకు వ్యాఖ్యానం చెప్తుంటే ఒక స్త్రీ టైపు చేసింది. మంటల్లోంచి బయటపడిన తొమ్మిది మందిలో ఆమె ఒకరు. ఆ డిస్కు ఆమె దగ్గర భద్రంగా ఉంది. అందువల్లే అతని చివరి మాటలు ఇవాళ అందరికీ దొరుకుతున్నాయి. కోరెష్ వాక్యం అలా ఒక స్త్రీ చేతుల్లో బతికి బయటపడింది. ఫ్లోరెన్స్ 1962లో పలికిన 'తప్పు' అనే మాటను మాత్రం ఎవరూ మోసుకురాలేదు. మనం తవ్వితీయాల్సింది ఆ మాటను.