క్లింగాన్ల నుదుటిరాత

1967 మార్చి 23. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో ‘స్టార్ ట్రెక్’ సీరియల్ కొత్త ఎపిసోడ్ ‘ఎరండ్ ఆఫ్ మెర్సీ’ వచ్చింది. జీన్ ఎల్. కూన్ రాసిన ఆ కథతోనే క్లింగాన్లనే గ్రహాంతర యోధజాతి తెరకెక్కింది. వాళ్ల సేనాని కోర్ వేషం జాన్ కొలికోస్‌ది. మేకప్ మ్యాన్ ఫ్రెడ్ ఫిలిప్స్ ఆయన ముఖానికి ముదురు రంగు పులిమి, వేలాడే మీసాలు అంటించాడు. చెంఘిజ్ ఖాన్‌లా కనిపించాలన్న ఆలోచన కొలికోస్‌దేనట. వారం వారం కథ అందించాల్సిన సీరియల్‌కి అంతకు మించిన హంగులు చేసే వ్యవధీ లేదు, డబ్బూ లేదు. నుదురు మాత్రం మనందరిలాగే నున్నగా ఉండిపోయింది.

పన్నెండేళ్లు గడిచాయి. 1979 డిసెంబరులో ‘స్టార్ ట్రెక్: ద మోషన్ పిక్చర్’ విడుదలైంది. సినిమా కాబట్టి చేతిలో డబ్బుంది. మొదటి సన్నివేశంలోనే కనిపించిన క్లింగాన్లకు ముక్కు మొదలు నడినెత్తి దాకా వెన్నుపూసల్లాంటి ఎముకల గట్లు. ఇదేమిటని కథలో ఒక్క పాత్రా అడగలేదు. ఆ పని అభిమానులు చేశారు.

వాళ్లు ఆషామాషీ ప్రేక్షకులు కారు. 1968లో సీరియల్ ఆగిపోబోతోందని తెలిసి ఉత్తరాల వెల్లువతో ఎన్‌బీసీని ఉక్కిరిబిక్కిరి చేసి మూడో సీజన్ సాధించుకున్నవాళ్లు. ఆ ఉద్యమాన్ని ముందుండి నడిపిన బ్జో ట్రింబుల్, ఆ మరుసటి ఏడాదే మరో అభిమాని డొరొతీ జోన్స్‌తో కలిసి ‘స్టార్ ట్రెక్ కాంకార్డెన్స్’ తెచ్చింది. ఏ ఎపిసోడ్‌లో ఏ గ్రహం, ఏ పాత్ర, ఏ యంత్రం అని అకారాదిగా పేర్చిన నిఘంటువు అది. వీడియో క్యాసెట్లయినా ఇళ్లకు రాని రోజుల్లోని సంగతి! రచయితలు మరిచిపోయినవి సైతం వీళ్లకు కంఠస్థం. తొలినాటి ఒక ఎపిసోడ్‌లో సమాధిరాయి మీద కెప్టెన్ పేరు ‘జేమ్స్ ఆర్. కిర్క్’ అని ఉంటుంది. తర్వాత ఆయన జేమ్స్ టి. కిర్క్ అయ్యాడు. 1982 నాటి ‘ద రాత్ ఆఫ్ ఖాన్’లో విలన్ ఖాన్ కిర్క్ ఓడలో పనిచేసిన చెకోవ్‌ని చూడగానే గుర్తుపడతాడు. ఖాన్ మొదటిసారి కనిపించిన 1967 నాటి కథలో చెకోవ్ పాత్రే లేదు. అప్పటికి చెకోవ్ వేషం వేసిన నటుడు సీరియల్‌లోనే చేరలేదు. ఆ రోజు చెకోవ్ ఓడలో వేరే డ్యూటీలో ఉండి ఉంటాడని అభిమానులే సర్దిచెప్పుకున్నారు. తప్పు పట్టేదీ వాళ్లే, వకాల్తా పుచ్చుకునేదీ వాళ్లే.

నుదుటి లెక్క మాత్రం అంత తేలిగ్గా తెగలేదు. 1987లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ కొత్త సీరియల్ ‘నెక్స్ట్ జనరేషన్’లో వోర్ఫ్ అనే క్లింగాన్ ఏకంగా కథానాయకుల ఓడలోనే అధికారి అయ్యాడు. గట్లున్న నుదురు వారం వారం ఇళ్లలోకి రాసాగింది. 1994లో మరో సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’ పాత కోర్‌ని అదే కొలికోస్‌తో మళ్లీ రప్పించింది. ఈసారి ఆయనకీ గట్లు మొలిచాయి!

రచయితలు ఈ సంగతిని నేరుగా తాకింది 1996 నవంబరులో. ‘స్టార్ ట్రెక్’ ముప్ఫై ఏళ్ల పండగకు ‘డీప్ స్పేస్ నైన్’ బృందం తమ నటులను కంప్యూటర్ సాయంతో 1967 నాటి ‘ట్రిబుల్స్’ ఎపిసోడ్ దృశ్యాల్లోకి చొప్పించింది. బార్లో కూర్చున్న నున్నటి నుదుటివాళ్లే క్లింగాన్లని తెలిసి అందరి తలలూ వోర్ఫ్ వైపు తిరుగుతాయి. జన్యుమార్పిడా అని ఒకరు, వైరస్ తెచ్చిన మార్పా అని మరొకరు. వోర్ఫ్ ముఖం ముడుచుకుని, అది బయటివాళ్లతో మాట్లాడుకునే విషయం కాదని తేల్చేస్తాడు. క్షణాల్లో ముగిసే ఈ జోకు కన్నా మంచి జవాబు ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు.

చెప్పడానికైతే చెప్పారు. ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ 2005 ఫిబ్రవరిలో వరుసగా రెండు ఎపిసోడ్లు ఇందుకే కేటాయించింది. మనుషుల జన్యువులతో మహాయోధులను తయారుచేయబోయి క్లింగాన్లు మహమ్మారి తెచ్చుకుంటారు. మందు దొరుకుతుంది గానీ నుదుటి గట్లు కరిగిపోతాయి. 1996లో బార్లో వేసిన రెండు ఊహలనూ కలిపి అల్లిన కథన్నమాట. అల్లిక బాగానే కుదిరింది. కాకపోతే సీరియల్ ఆపేస్తున్నట్టు ప్రకటన అదే నెల 2వ తేదీన వెలువడింది. పాత బాకీ తీరే వేళకు దుకాణానికి తాళం పడింది.

2017 సెప్టెంబరులో మరో ‘స్టార్ ట్రెక్’ సీరియల్ ‘డిస్కవరీ’ వచ్చింది. కథాకాలం కిర్క్ రోజులకు ఓ పదేళ్ల ముందు. క్లింగాన్లు ఈసారి పూర్తి బోడిగుండ్లతో, కొత్త గట్లతో, సబ్‌టైటిళ్లు లేకుండా అర్థంకాని సొంత భాషలో గంభీరోపన్యాసాలు ఇస్తూ దిగారు. కిర్క్ సహచరుడు స్పాక్‌కి ఇన్నాళ్లూ ఎవరూ ఎరగని పెంపుడు అక్క కూడా ఉన్నట్టు తేలింది. అభిమానులు భగ్గుమన్నారు. రెండో సీజన్‌కి క్లింగాన్లకు జుట్టు పెరిగింది. ఆ సీజన్ చివర డిస్కవరీ ఓడ 930 ఏళ్ల భవిష్యత్తులోకి వెళ్లిపోతుంది, దాని ఊసెత్తితే రాజద్రోహమని శాసనం పుడుతుంది. ఇన్నేళ్లూ స్పాక్ తన అక్క మాట ఎందుకెత్తలేదన్న ప్రశ్నకు దీనితో జవాబు దొరికింది.

నిజానికి నుదురు ఒక సాకు. చాలామందికి మింగుడుపడనిది కథ చెప్పే ధోరణి. చీకటి, యుద్ధం, ద్రోహం, కన్నీళ్లు. పాత కథల్లోని ఆశావాదం ఏదని అడిగారు. ‘డిస్కవరీ’ కన్నా రెండు వారాల ముందే ఫాక్స్ ఛానల్‌లో సెత్ మెక్‌ఫార్లేన్ తీసిన ‘ద ఆర్విల్’ మొదలైంది. వేరే సంస్థ, వేరే లోకం, మోటు జోకులు. అయినా అసలు ‘స్టార్ ట్రెక్’ ఇదేనన్నారు కొందరు. వాళ్లు వెతుకుతున్నది పాత కథ తాలూకు లెక్కలు కాదు, పాత కథ తాలూకు వెలుతురు. లెక్క తప్పితే వేలు పెట్టి చూపించొచ్చు, ధోరణి నచ్చకపోతే అలా చూపించడం కుదరదు. అందుకే వాదన ఎప్పుడూ లెక్కల మీదికే మళ్లుతుంది. పైగా ఈ బెంగ కొత్తదేం కాదు. 1998లో ‘డీప్ స్పేస్ నైన్’ కెప్టెన్ సిస్కో రోములన్లనే మరో గ్రహాంతర జాతిని యుద్ధంలోకి లాగడానికి బూటకపు సాక్ష్యం సృష్టించినప్పుడూ ఇది ‘స్టార్ ట్రెక్’ విలువలకు తగునా అన్న చర్చ లేచింది. ఇవాళ అదే ఎపిసోడ్ చాలా మంది అభిమానుల అత్యుత్తమ జాబితాల్లో ఉంటుంది.

2022లో మొదలైన ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ చాలా పట్టింపులు తీర్చింది. వారానికో కథ, నవ్వులు, ఉత్సాహం తిరిగొచ్చాయి. క్లింగాన్లకు పాత తరహా గట్లూ జుట్టూ తిరిగొచ్చాయి. 2023 ఆగస్టులో ఆ సీరియల్ పూర్తి సంగీత ఎపిసోడ్ ఒకటి ప్రసారం చేసింది. అందులో క్లింగాన్ సేనాని తన అనుచరులతో కలిసి పాప్ బ్యాండ్ ఫక్కీలో పాడుతూ స్టెప్పులేస్తాడు. నుదురు చక్కగా ఉంది. క్లింగాన్లు అలా పాడొచ్చా అని తగువు మొదలైంది.